జెంగర్ తీర్పుతో చట్టం నిజంగా మారిందా?

ప్రశ్న – అచ్చుమషి:
1735లో న్యూయార్క్‌లో, గవర్నరును విమర్శించే పత్రికను అచ్చువేసిన జాన్ పీటర్ జెంగర్ నిర్దోషిగా బయటపడటంతో "రాసింది నిజమైతే నేరం కాదు" అన్నది అమెరికాలో స్థిరపడిందని చాలా చోట్ల కనిపిస్తుంది. అలాగైతే 1798 సెడిషన్ చట్టం (ప్రభుత్వాన్ని దూషించే రాతలను శిక్షించే ఫెడరల్ చట్టం) వచ్చాక ఎడిటర్లను జైల్లో ఎలా పెట్టారు? 1804లో ఎడిటర్ క్రాస్‌వెల్ కేసులో మళ్ళీ అదే వాదన ఎందుకు?

జవాబు – పాతదస్త్రం:
చట్టం వెంట్రుకవాసి కూడా మారలేదు. జ్యూరీ వదిలేసింది, అంతే.

అప్పటి కామన్ లా (కోర్టు తీర్పులతో ఏర్పడిన ఆంగ్ల న్యాయం) ప్రకారం సెడిషస్ లైబెల్ (ప్రభుత్వాన్ని దూషించే రాత) కేసులో జ్యూరీ తేల్చాల్సినవి రెండే: అచ్చువేసింది ముద్దాయేనా, ఆ మాటలు ఫలానావారి గురించేనా. అది లైబెలా కాదా అన్నది జడ్జి చూసుకునేవాడు. నిజమని రుజువు చేస్తామంటే ఒప్పుకునేవారు కాదు. పైగా నిజమే జనాన్ని ఎక్కువ రెచ్చగొడుతుంది కాబట్టి నేరం ఇంకా పెద్దదనేవారు.

ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన లాయరు ఆండ్రూ హామిల్టన్ మొదట్లోనే "అచ్చువేసింది మావాడే" అని ఒప్పేసుకున్నాడు. అటార్నీ జనరల్ బ్రాడ్లీ ఇక సాక్షులతో పనేముందన్నాడు. నిజమని నిరూపిస్తామంటే చీఫ్ జస్టిస్ డిలాన్సీ కుదరదన్నాడు. దాంతో హామిల్టన్ నేరుగా జ్యూరీ వైపు తిరిగి, లైబెలా కాదా కూడా మీరే తేల్చండన్నాడు. "నిర్దోషి" అనడానికి జ్యూరీ కారణం చెప్పనక్కర్లేదు. కారణం లేని తీర్పు తర్వాతి కేసుకు నజీరు ఎలా అవుతుంది?

అంతకుముందు గ్రాండ్ జ్యూరీలు అభియోగం మోపడానికి నిరాకరించాయి. అందుకే వాటిని పక్కనపెట్టి "ఇన్ఫర్మేషన్" (అటార్నీ జనరలే నేరుగా అభియోగం మోపడం) దారిలో కేసు పెట్టారు. జామీను 400 పౌండ్లు, దానిపై ఇద్దరు పూచీదార్లు చెరి 200. తన పనిముట్లూ బట్టలూ తీసేస్తే ఆస్తి 40 పౌండ్లు కూడా ఉండదన్న మనిషికి అది! ఎనిమిది నెలలకు పైగా లోపలే ఉన్నాడు.

జవాబు – లా_గుమాస్తా:
1798 చట్టంలోనే అసలు తిరకాసు. హామిల్టన్ అడిగిన రెండూ అందులో ఉన్నాయి: నిజమని నిరూపించుకోవచ్చు, చట్టం సంగతి కూడా జ్యూరీ తేల్చవచ్చు. శిక్ష గరిష్ఠంగా రెండేళ్ళు, 2,000 డాలర్లు. అయినా ముద్దాయిలు ఓడిపోయారు. రుజువు భారం వాళ్ళ నెత్తినే పడటం ఒక కారణం. "ప్రెసిడెంటు అసమర్థుడు" అన్న అభిప్రాయాన్ని ఏ సాక్షితో నిరూపిస్తారు? 1800లో థామస్ కూపర్ ఇక్కడే చిక్కుకుని ఆరు నెలలు, 400 డాలర్లు మూటగట్టుకున్నాడు. ఇంకో చమత్కారం: ఆ చట్టం ప్రెసిడెంటునూ కాంగ్రెస్‌నూ కాపాడింది గానీ వైస్ ప్రెసిడెంటును వదిలేసింది. ఆ కుర్చీలో ఉన్నది ప్రతిపక్షపు జెఫర్సన్ మరి. 1801 మార్చి 3తో గడువు తీరింది.

జవాబు – పాతదస్త్రం:
క్రాస్‌వెల్‌ది ఫెడరల్ కేసు కాదు, న్యూయార్క్ రాష్ట్రపు కామన్ లా కేసు. కాబట్టి సెడిషన్ చట్టంలోని వెసులుబాటు అక్కడ వర్తించదు. అతని తరఫున వాదించినది అలెగ్జాండర్ హామిల్టన్; ఆండ్రూతో చుట్టరికం లేదు, చాలామంది కలిపేస్తారు. నలుగురు జడ్జీలు ఇద్దరిద్దరుగా చీలిపోయారు. 1805లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది: నిజంతోపాటు సదుద్దేశమూ, సమర్థించుకోదగ్గ ప్రయోజనమూ ఉండాలని. అంటే ఉత్త నిజం అప్పటికీ చాలదు.

అచ్చుమషి:
జెంగర్ పత్రిక సంచికలు కొన్నింటిని అధికారులు తగలబెట్టమన్నారు కదా, వాటి మీదేనా కేసు?

జవాబు – లా_గుమాస్తా:
కాదు. తగలబెట్టమన్నవి 7, 47, 48, 49. కేసు 13, 23 సంచికల మీద. 13వ సంచిక వెతికేటప్పుడు తేదీ జాగ్రత్త: అప్పటి లెక్కలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి మనం 1734 జనవరి అనేది దాని మీద 1733గా ఉంటుంది. తగలబెట్టే తతంగానికి నగర పెద్దలు ససేమిరా అన్నారు. చివరికి షెరీఫ్ తన బానిస చేతికిచ్చి మంటలో వేయించాడు.