సన్మానం శాలువాలతో పెద్ద రగ్గు: బ్యాక్‌గ్రౌండ్ దగ్గర పని కదలడం లేదు, సలహా ఇవ్వండి

ప్రశ్న: మల్కాజ్‌గిరి మెలికముగ్గు

అందరికీ నమస్కారం. మా నాన్నగారు తెలుగు పండిట్‌గా చేసి రిటైరయ్యారు. సభల్లో కప్పిన శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. ఎవరికైనా ఇచ్చేద్దామంటే ఆయనకు మనసొప్పదు, కప్పుకుందామంటే హైదరాబాద్‌లో అంత చలి లేదు. అందుకే వాటిని పట్టీలుగా కత్తిరించి, ఆయన చదువుకునే గదిలోకి ఒక హుక్డ్ రగ్గు చేస్తున్నాను.

ఈ పని చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గోనెపట్టాను ఫ్రేమ్‌కి బిగించి, కొక్కెం ఉన్న సూదిని పైనుంచి కంతలోకి దించి, అడుగున ఎడమచేత్తో పట్టుకున్న పట్టీని లూపులా పైకి లాగుతాం. పక్క కంతలోనూ అంతే. ముడి వెయ్యం, కుట్టం. లూపులు ఒకదాన్నొకటి ఒరుసుకుని వాటంతట అవే నిలబడతాయి.

నాది ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. మధ్యలో అమ్మ వేసే మెలికల ముగ్గు, అంచున తంగేడు పూలు. ముగ్గు పూర్తయింది. అది చేసినన్నాళ్ళూ ఏ రోజుకారోజు ఒక మెలికో, సగం మెలికో తేలేది. ఇప్పుడు మిగిలింది మెరూన్ రంగు బ్యాక్‌గ్రౌండ్. సాయంత్రమంతా కూర్చున్నా అరచేయంత నిండుతుంది. రగ్గు మొత్తం చూస్తే నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. సంక్రాంతికి నాన్నగారి గదిలో పరవాలని నా కోరిక.

అడగాల్సినవి: ఇంత పెద్ద బ్యాక్‌గ్రౌండ్‌ని మీరు ఎలా విడగొట్టుకుని చేస్తారు? మెరూన్ శాలువాలు సరిపోతాయో లేదో ముందే తెలుసుకునే లెక్క ఉందా? ఇంకొకటి, నింపిన చోట పట్టా అంచులు కొద్దిగా పైకి లేస్తున్నాయి. ఎందుకంటారు?

జవాబు: బోయిన్‌పల్లి ఊలుబుట్ట

నాన్నగారి శాలువాలు ఆయన కాళ్ళ కింద వెయ్యడమేమిటని ఎవరైనా అంటే పట్టించుకోకమ్మా. బీరువాలో చిమ్మటలు తినేకంటే ఇది వెయ్యిరెట్లు నయం.

ముందు ఉన్ని సంగతి తేల్చుకో. సన్మానాల్లో కప్పేవాటిలో చాలావరకు ఆక్రిలిక్, పాలిస్టర్ ఉంటాయి. ప్రతి శాలువా నుంచి ఒక పోగు లాగి, సింక్ దగ్గర అగ్గిపుల్లతో ముట్టించి చూడు. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీసెయ్యగానే దానంతటదే ఆరిపోతుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. ఆక్రిలిక్ కరిగి గట్టి పూసలా అంటుకుంటుంది. నడిచే చోట ఆక్రిలిక్ తొందరగా అణిగిపోతుంది, దాన్ని పూల అంచుకు మాత్రం వాడుకో.

ఉన్నివాటిని జరీ అంచు కోసేసి, వేడినీళ్ళలో సబ్బు వేసి బాగా నలిపి ఉతుకు. ఉన్ని కాస్త ముడుచుకుని చిక్కబడుతుంది, పావు అంగుళం పట్టీలు కోసినా పోగులు రాలవు. ఇది చెయ్యకుండా కోస్తే ఒళ్ళంతా నూగే.

ఇక లెక్క. నీ రగ్గు 24 చదరపు అడుగులు. ముగ్గు, పూలు పోను బ్యాక్‌గ్రౌండ్ 16 అనుకుందాం. లూపుల్లోకి పోయే గుడ్డ ఆ విస్తీర్ణానికి నాలుగు రెట్లు పడుతుంది, లూపు ఎత్తుగా లాగే చెయ్యి అయితే ఐదు రెట్లు. అంటే 64 నుంచి 80 చదరపు అడుగులు. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పున్న శాలువా 21 చదరపు అడుగుల పైచిలుకు. ఉతికాక తగ్గేది, అంచు పోయేది కలుపుకుని ఐదు శాలువాలు దగ్గర పెట్టుకో. మరీ పలచన శాలువా అయితే రెండు పొరలు కలిపి లాగాల్సి వస్తుంది, అప్పుడు రెట్టింపు.

ఆ ఐదూ ఒకే మెరూన్ ఉండవు కదా. ఒకటి అయ్యాక ఇంకొకటి మొదలుపెడితే రగ్గులో గీత గీసినట్టు తేడా కనిపిస్తుంది. అన్నిటినీ ముందే కోసి, ఒకే బుట్టలో కలిపేసి, చేతికి ఏది వస్తే అది లాగు. ముదురు, లేత కలిసి బ్యాక్‌గ్రౌండ్‌కి ప్రాణం వస్తుంది. ఒకే రంగు నేలకంటే నాకు ఇదే ఇష్టం.

పని కదలడానికి నేను చేసేది చెప్తాను. పట్టా వెనక వైపు స్కెచ్ పెన్‌తో అడుగు అడుగు గళ్ళు గీసుకో. ఒక్క గడి నింపాక దానికి ఎంత గుడ్డ పట్టిందో తూకం వెయ్యి. అంతే తూకం పట్టీలు మిగిలిన గళ్ళకు విడివిడిగా సంచుల్లో పెట్టుకో. సాయంత్రం ఒక సంచి తీసి కూర్చుంటే అది ఖాళీ అవుతుండటం నీ కళ్ళకే కనిపిస్తుంది. ముగ్గులో మెలిక చుట్టూ మాత్రం ముందు ఒక వరస మెరూన్ తిప్పేసెయ్, గీత స్పష్టంగా నిలబడుతుంది.

అంచులు లేస్తున్నాయంటే లూపులు మరీ దట్టంగా వేస్తున్నావు. ప్రతి కంతలో లాగక్కర్లేదు, ఒకటో రెండో వదిలెయ్. పట్టా పైన కనపడకపోతే చాలు. ఇప్పటికే ఇరుకైన చోట వరస విడిచి వరస లాగి తీసెయ్, కంతలు సర్దుకుంటాయి.

జవాబు: కొత్తవాడ నేత

మాది వరంగల్ కొత్తవాడ, జంపఖానాలు నేసే ఇల్లు. ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నాను. ఆంటీ చెప్పినదానిలో గళ్ళు, సంచుల సంగతి బాగుంది. కానీ గడిని గడిగా నింపితే గళ్ళ హద్దులు పైన తెలిసిపోతాయేమో చూసుకోండి. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్ తీరంలో గ్రెన్‌ఫెల్ మిషన్ అనే వైద్య సేవా సంస్థ తరఫున ఆడవాళ్ళు చేసిన ఇలాంటి హుక్డ్ మ్యాట్లలో లూపులన్నీ తిన్నగా అడ్డవరసల్లో, కంత వదలకుండా నడుస్తాయి. వాళ్ళు కూడా పాత గుడ్డే వాడారు, చందాగా వచ్చిన సిల్క్ మేజోళ్ళకు రంగు వేసి. సన్నని గుడ్డ కాబట్టి అంత దట్టంగా నడిచింది. మీ పావు అంగుళం ఉన్నికి అది కుదరదు గానీ, అడ్డవరస పద్ధతి ఆలోచించండి. మగ్గం మీద కూర్చున్నవాడికి వరస తర్వాత వరస పడుతుంటేనే చేతికి ఊపు వస్తుంది.

జవాబు: బోయిన్‌పల్లి ఊలుబుట్ట

బాబూ, జంపఖానాకు అది సరే. మెలికల ముగ్గు చుట్టూ అడ్డవరసలు పెడితే వంపు దగ్గర ప్రతిసారీ పట్టీ తెంపాలి. వంకరటింకరగా, చిన్న చిన్న మడతలు తిరుగుతూ నింపితే గడి హద్దూ కనపడదు, గుడ్డా వృథా కాదు. గడి అంచు దగ్గర తిన్నగా ఆపకుండా పక్క గడిలోకి రెండు మూడు వేళ్ళ మేర చొచ్చుకుపోతే సరి.

జవాబు: సికింద్రాబాద్ కార్చోబ్

ఫ్రేమ్ గురించి ఎవరూ అడగలేదు. ఆరడుగుల రగ్గుని చిన్న ఫ్రేమ్ మీద జరుపుకుంటూ చేస్తే సగం టైమ్ బిగించడానికే పోతుంది. బ్లౌజులకు మగ్గం వర్క్ చేసే ఫ్రేమ్ తీసుకోండి, నాలుగడుగుల వెడల్పు మొత్తం పడుతుంది. అయిన భాగాన్ని ఒక కర్రకు చుట్టుకుంటూ పోవచ్చు. చుట్టేటప్పుడు లూపులు బయటికి ఉండాలి, లోపలికి చుడితే పట్టా మీద లాగుడు ఎక్కువవుతుంది. వానాకాలంలో గోనెపట్టాని నేలమీద వదలకండి, చెమ్మ పీలుస్తుంది. తర్వాత కూడా నీళ్ళలో ఉతకడానికి లేదు, దులుపుకోవడమే.

మల్కాజ్‌గిరి మెలికముగ్గు

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రే పోగులు కాల్చి చూశాను. మెరూన్‌లో నాలుగు ఉన్నివి తేలాయి, ఐదోది కరిగిపోయింది. ముదురు గోధుమరంగు శాలువా ఒకటి మంచి ఉన్నిది ఉంది, దాన్ని కూడా బుట్టలో కలిపేస్తాను. ఊలుబుట్ట ఆంటీ, వంకరటింకర పద్ధతితోనే వెళ్తున్నాను. నేతగారూ, తంగేడు పూల వెలుపల నాలుగు వేళ్ళ అంచు ఉంది, అక్కడ మీ అడ్డవరసలే పెడతాను. కార్చోబ్ గారూ, మగ్గం ఫ్రేమ్ అద్దెకు దొరుకుతుందా, కొనాల్సిందేనా?

జవాబు: సికింద్రాబాద్ కార్చోబ్

మీ వీధిలో మగ్గం వర్క్ చేసేవాళ్ళని అడగండి. పెళ్ళిళ్ళ సీజన్ కాకపోతే ఒక ఫ్రేమ్ ఖాళీగానే ఉంటుంది, అద్దెకి ఇస్తారు. కర్రలు వంగకుండా ఉన్నాయో లేదో చూసుకుని తెచ్చుకోండి, ఈ రగ్గు బరువు బ్లౌజు బరువు కాదు.