వేసవి విరామం తర్వాత కింది కేటగిరీలో దిగడం న్యాయమేనా?

మెట్లదారి:
ఇంట్లో ట్రైనర్‌కు (ఉన్నచోటే తొక్కేలా సైకిల్‌ను పట్టి ఉంచే పరికరం) బైకు బిగించి, జ్విఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో రేసులు చేస్తుంటాను. ఈ వేసవి అంతా ట్రైనర్ ఎక్కలేదు, బయట కూడా తొక్కలేదు. విరామానికి ముందు నా బరువు 70 కిలోలు, ఎఫ్‌టీపీ (సుమారు గంటసేపు నిలకడగా పెట్టగల శక్తి) 240 వాట్లు. అంటే కిలో బరువుకు 3.4 వాట్ల పైమాటే, బీ కేటగిరీ. ఇప్పుడు బరువు 73, ర్యాంప్ టెస్టులో (మెట్లు మెట్లుగా భారం పెంచుతూ పోయే పరీక్ష) వచ్చిన ఎఫ్‌టీపీ 225. భాగిస్తే 3.08. రేసు ఫలితాలు నమోదయ్యే సైటు జ్విఫ్ట్‌పవర్ పాత కొలత ప్రకారం 3.2 నుంచి 4 వరకు బీ, 2.5 నుంచి 3.2 వరకు సీ. పైగా ఆ లెక్కకు గత 90 రోజుల ఫలితాలే ఆధారం కాబట్టి నా పాత అంకెలన్నీ రాలిపోయాయి. సీలో దిగితే అడ్డు చెప్పేవారు లేరు. మా జట్టులో మాత్రం సగం మంది ‘హాయిగా దిగు’ అంటున్నారు, మిగతావారు ‘అది శాండ్‌బ్యాగింగ్’ అని ముఖం చిట్లిస్తున్నారు. సత్తా ఉండి కూడా కావాలని కిందివారితో పోటీపడి గెలవడాన్నే కదా శాండ్‌బ్యాగింగ్ అంటారు? నేను చేయబోయేది అదేనా?

వాట్లలెక్క:
ఇందులో మీమాంస ఏముంది? ఈ రోజు కాళ్లలో ఎంత ఉందో చూసి సమానుల్ని కలపడానికే కేటగిరీలు పెట్టారు. పోయిన చలికాలంలో గెలిచిన రేసులు ఇప్పుడు వచ్చి పెడల్ తొక్కవు. సాధన ఆపితే శరీరం నిజంగానే వెనక్కి పోతుంది. కోయిల్ బృందం 1984లో ప్రచురించిన అధ్యయనంలో, ఏళ్ల తరబడి సాధన చేసినవారు ఆపేస్తే మూడు వారాల్లోనే వీఓ2 మ్యాక్స్ (శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్) 7 శాతం పడిపోయింది. 12 వారాలకు ఆ తగ్గుదల 16 శాతం దాకా వెళ్లింది. మొదట్లో అంత త్వరగా పడిపోవడానికి ముఖ్య కారణం గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం తగ్గడం. మీకు 240 నుంచి 225కు, అంటే ఆరు శాతమే తగ్గింది. నన్నడిగితే అదృష్టవంతులు. సీలో దిగండి.

గాలివాటం:
అదే అధ్యయనంలో ఇంకో ముక్క ఉంది, వాట్లలెక్క గారు దాన్ని వదిలేశారు. అన్ని వారాలు ఆపినా కండరాల్లో రక్తకేశనాళికల సాంద్రత తగ్గలేదు. ఆగి తిరిగొచ్చినవారు, కొత్తగా మొదలుపెట్టినవారు ఒకటి కాదని దానర్థం. ఈ రోజు ఇద్దరూ 3.08 చూపించవచ్చు. కానీ పాతవారు కొద్ది వారాల్లో 3.3 దాటేస్తారు, కొత్తవారు అదే చోటికి చేరడానికి ఒక సీజన్ అంతా పట్టవచ్చు. ఆ కొద్ది వారాల్లో పాతవారు పోడియాలు (మొదటి మూడు స్థానాలు) ఏరుకుంటారు.

అయినా మెట్లదారి గారితో నాకు పేచీ లేదు. నా గొడవంతా వేసవి పొడుగునా బయట తొక్కి, సెప్టెంబరులో ‘విరామం తర్వాత వచ్చానండీ’ అంటూ సీలో చేరేవారితో. జ్విఫ్ట్‌పవర్‌కు రోడ్డు మీద తొక్కినది కనబడదు. రికార్డు ఖాళీ, కాళ్లలో మాత్రం బలం దండిగా ఉంటుంది.

ఒక్కసారి సీ రేసు మొదలయ్యే తీరు చూడండి. లెక్కింపు సున్నాకు రాకముందే అందరూ పెడళ్లు గిరగిరా తిప్పుతుంటారు. మొదటి రెండు నిమిషాలు గుంపులో ఉండాలంటేనే కిలోకు 4 వాట్లో 5 వాట్లో పెట్టాలి. సరిగ్గా అప్పుడు ముందున్న బలవంతులు ఇద్దరు ఇంకాస్త లాగుతారు. గుంపు తాడులా సాగి ఎక్కడో మధ్యలో తెగుతుంది. వెనక ఉండిపోయినవారికి డ్రాఫ్ట్, అంటే ముందువారి చాటున తక్కువ శక్తితో సాగే వీలు, పోతుంది. కుడివైపు జాబితాలో ముందువారి పేర్ల పక్కన సెకన్లు పెరుగుతూ పోతాయి, ఇక మిగిలిన దూరమంతా ఒంటరిగా తొక్కడమే. తెగినవారిలో ఎక్కువమంది నిజంగా సీకి చెందినవారే. వాళ్ల రేసు మూడో నిమిషంలో ముగిసింది.

నీడపట్టు:
బయట తొక్కి వచ్చే ఆ దొంగల్లో నేనూ ఒకదాన్ని. కాస్త నా మాట కూడా వినండి.

రోడ్డు మీద వచ్చే వాట్లు గదిలో రావు. ఎదురుగాలి లేదు, ఒక్క ఫ్యాను ఎంతని చల్లబరుస్తుంది? అవే వాట్లకు గుండె వేగం పైకి పాకుతూనే ఉంటుంది. రోడ్డు మీద పల్లం వస్తుంది, మలుపు వస్తుంది, కాళ్లకు క్షణం ఊపిరి దొరుకుతుంది. ట్రైనర్ మీద ఆ భాగ్యం లేదు. బైకు బిగించి ఉంటుంది కాబట్టి ఒళ్లు కదిలించే వీలు తక్కువ, కూర్చున్నచోటే నొప్పి పుడుతుంది. పైగా కొలతల తేడా ఒకటి. నా రోడ్డు బైకుకు పవర్‌మీటర్ క్రాంకులో (పెడల్ తగిలించే కడ్డీలో) ఉంది. ట్రైనర్ కొలిచేది చైను దాటి వచ్చిన శక్తిని. ఎంత శుభ్రమైన చైనైనా కొంత తినేస్తుంది. కాబట్టి బయటి అంకె పట్టుకుని నన్ను బీలోకి తోయడం సరికాదు. మొదటి వారాల్లో నేను నిజంగానే సీ మనిషిని.

గాలివాటం:
నీడపట్టు గారూ, చైను, పవర్‌మీటర్ సంగతి ఒప్పుకుంటాను. వేడి వాదనే మింగుడుపడటం లేదు. వేడిలో సాధన చేస్తే పది పద్నాలుగు రోజుల్లో శరీరం చాలావరకు సర్దుకుంటుంది: రక్తంలో ప్లాస్మా పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, గుండె వేగం తగ్గుతుంది. మీరు ఎండలో తొక్కి వచ్చారు కదా! ఆ అలవాటు సగం మీతోనే వచ్చింది.

బయట సంపాదించిన బలం లోపల పనికిరాదనుకుంటే ఒక్కటి గుర్తుచేసుకోండి. 2020లో జ్విఫ్ట్ మీద జరిగిన తొలి యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) ఈస్పోర్ట్స్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పురుషుల విజేత జేసన్ ఆస్బోర్న్. ఆయన రోయింగ్ క్రీడాకారుడు, 2018లో లైట్‌వెయిట్ సింగిల్ స్కల్స్‌లో (తక్కువ బరువువారు ఒంటరిగా పడవ నడిపే పోటీ) ప్రపంచ విజేత. పడవ నడిపి పెంచుకున్న గుండె, ఊపిరితిత్తులే ట్రైనర్ మీద అంతగా పనికొచ్చినప్పుడు రోడ్డు మీద సైకిల్ తొక్కిన కాళ్లు పనికిరావంటే ఎలా?

వాట్లలెక్క:
ప్రపంచ విజేతను తెచ్చి సీ కేటగిరీతో పోల్చడం కొంచెం ఎక్కువే అయింది. నా ప్రశ్న సూటిది. నిబంధన ఒప్పుకున్నాక తప్పేమిటి?

మూడోగేరు:
వారం వారం ఒక చిన్న రేసు నడుపుతుంటాను కాబట్టి రెండు మాటలు.

నిబంధన ఒప్పుకున్నంత మాత్రాన అంతా సవ్యమని ఈ ఆటలో ఎవరూ అనుకోలేదు. 2019లో బ్రిటిష్ ఈరేసింగ్ ఛాంపియన్ దగ్గర నుంచి టైటిల్ వెనక్కి తీసుకున్నారు. కారణం, ఆటలో ఇచ్చే ఒక వేగవంతమైన బైకును తొక్కకుండా ప్రోగ్రామ్ సాయంతో సంపాదించడం. ఆయన రేసు తొక్కిన తీరు మీద కాదు, స్టార్టు గీత దగ్గరకు ఏ దారిన ఏ బైకుతో వచ్చారన్నదాని మీదే అభియోగం. కేటగిరీ గొడవ అంత పెద్దది కాకపోయినా జాతి అదే: గీత దగ్గరకు ఎలా వచ్చారన్నదే ప్రశ్న.

2024లో జ్విఫ్ట్‌లో రేసింగ్ స్కోరు (ఎవరు ఏ గుంపులో దిగాలో తేల్చే కొత్త లెక్క) వచ్చాక పరిస్థితి కొంత మెరుగు. అందులో వాట్లతోపాటు ఫలితాలు కూడా లెక్కలోకి వస్తాయి, గెలిచేకొద్దీ పైకి పోతారు. కింద దిగిన బలవంతులు కొన్ని రేసుల తర్వాత అక్కడ నిలవలేరు. కాకపోతే ఆ కొన్ని రేసుల్లో మిగతావారి సాయంత్రాలు పాడవుతాయి.

అందుకే తిరిగొచ్చేవారికి నేను చెప్పేది ఒకటే. మొదటి రేసు పాత కేటగిరీలోనే, శక్తి అంతా పెట్టి చేయండి. వెనకబడితే పడండి. రికార్డులో ఈ రోజుటి నిజమైన అంకె పడుతుంది. ఆ తర్వాత వ్యవస్థ సీ అంటే సీలో నిశ్చింతగా తిరగండి. పైన దిగి ఓడితే నష్టం మీ ఒక్కరిది. కింద దిగి గెలిస్తే నష్టం స్టార్టు గీత మీద ఉన్న ప్రతి ఒక్కరిది. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడేవారి వాదన నాకు ఎన్నడూ ఎక్కలేదు.

వాట్లలెక్క:
విరామం తర్వాత మొదటి రోజే శక్తికి మించి తొక్కితే ఆ మనిషి మళ్లీ నెల రోజులు ట్రైనర్ వైపు చూడరు. ర్యాంప్ టెస్టు చాలదా?

మూడోగేరు:
మొదటి రోజే అనలేదు, మొదటి రేసు అన్నాను. ముందు రెండు మూడు వారాలు రోబోపేసర్ల (ఆటలో కంప్యూటరే నడిపే సైకిలిస్టులు) గుంపులో తిరగండి. రేసులోలా హఠాత్తుగా లాగడాలు ఉండవు, వెనకబడితే ఆగి మళ్లీ చేరవచ్చు. ఇక ర్యాంప్ టెస్టు. నిమిషానికి 20 వాట్ల చొప్పున పెంచుకుంటూ పోయి, అన్నిటికన్నా బాగా తొక్కిన నిమిషపు సగటు వాట్లలో 75 శాతాన్ని ఎఫ్‌టీపీ అంటుంది. స్ప్రింటు కాళ్లవారికి ఎక్కువ చూపిస్తుంది, నిదానంగా గంటలు తొక్కేవారికి తక్కువ. మీ శిక్షణకు అది చాలు. పదిమంది పోటీకి తూనికరాయిగా పనికిరాదు.

మెట్లదారి:
సరే, బీలోనే మొదలుపెడతాను. చివరి గుంపులో కనబడితే నవ్వకండి. ఈ లోపు రెండో ఫ్యాను ఒకటి కొనాలి.

నీడపట్టు:
నాకు ఇంకా పూర్తిగా నచ్చలేదు గానీ, ఒక రేసు బీలో చేస్తాను. అందులో నా అంకె 3.19 వచ్చిందనుకోండి, గాలివాటం గారు అప్పుడేమంటారు?

గాలివాటం:
ఫలితాల్లో గుండె వేగం కూడా కనబడుతుంది కదండీ. ఆఖరి కిలోమీటరులో అది 175 ఉంటే సీకి స్వాగతం. 140 దగ్గర హాయిగా ఉంటే మాత్రం, ఇక్కడికే వచ్చి అడుగుతాను.