కొత్త విండోస్ ఎప్పుడొస్తుంది? ఆగాలా, ఇప్పుడే సిస్టమ్ కొనాలా?

హనుమకొండ, డీటీపీ షాపు:
అన్నలూ, ఒక సందేహం. మా షాపులో ఉన్నది ఆరో తరం ఐ3, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. పనంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ మీదే. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు చేస్తాం. మేడారం జాతర పని అయిపోయింది, చేతిలో నాలుగు పైసలున్నాయి. కొత్త సిస్టమ్ తీసుకుందామని పోతే అమ్మేటతను "విండోస్ 12 వస్తోంది, ఎన్‌పీయూ (ఏఐ పనులకు పెట్టే ప్రత్యేక చిప్) ఉన్నదే కొను, లేకపోతే రేపు అది ఎక్కదు" అంటున్నాడు. దానికి ఇరవై వేలు ఎక్కువ చెప్తున్నాడు. యూట్యూబ్‌లో ఒకాయన రెండు నెలల్లో వస్తుందంటాడు, ఇంకొకాయన ఇప్పట్లో రాదంటాడు. ఎప్పుడొస్తుందో ముందే పసిగట్టే దారేమైనా ఉందా? ఇంట్లో పిల్లలు వాడే సిస్టమ్ కూడా పాతదే, విండోస్ 10. దాన్నేం చేయాలి?

కాజీపేట, బీటెక్ విద్యార్థి:
లెక్క సింపుల్ అన్నా. ఎక్స్‌పీ 2001 అక్టోబర్ 25న వచ్చింది. విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబర్ 5న. మధ్యలో విస్టా, 7, 8, 10. అంటే ఇరవై ఏళ్లలో ఐదు మార్పులు, ఒక్కోదానికి నాలుగేళ్లు. 2021కి నాలుగు కలిపితే 2025 అక్టోబర్. అది దాటిపోయింది కాబట్టి ఇక ఏ రోజైనా రావచ్చు. కొంచెం ఆగడమే మంచిది.

మంచిర్యాల:
మా ఆఫీసులో అందరూ జూన్ అంటున్నారు.

కరీంనగర్, సర్వీస్ సెంటర్:
తమ్ముడి సగటు తప్పు కాదు. కానీ ఆ ఐదింటిలో నాలుగేళ్లు పట్టింది ఒక్కటి కూడా లేదు, చూసుకోండి. ఎక్స్‌పీ నుంచి విస్టాకు ఐదేళ్లు దాటింది. విస్టా నుంచి 7కి మూడేళ్లు కూడా కాలేదు. 7 నుంచి 8కి మూడేళ్లు, 8 నుంచి 10కి మళ్లీ మూడేళ్ల లోపే. 10 నుంచి 11కి మాత్రం ఆరేళ్లు దాటింది. ఇలాంటి వాటికి సగటు తీస్తే అంకె వస్తుంది గానీ తేదీ రాదు.

ఎందుకిలా అంటే ఒక్కోసారి ఒక్కో కారణం. విస్టాకు అప్పట్లో లాంగ్‌హార్న్ అని పేరు. మొదట చిన్న మార్పే అనుకున్నారు. పోను పోను అందులో అన్నీ కుక్కారు, అది కదలకుండా అయింది. 2004 ఆగస్టులో, అప్పటిదాకా చేసింది చాలావరకు పక్కనపెట్టి మళ్లీ మొదలుపెట్టారు. ఫైళ్లు దాచే కొత్త పద్ధతి తెస్తామని ఊరించారు కదా, దాన్నీ తీసేశారు. 2006 క్రిస్మస్ అమ్మకాలకు అందుతుందని కంపెనీలన్నీ కాచుకుని కూర్చుంటే, మామూలు జనం చేతికి వచ్చేసరికి 2007 జనవరి 30 అయింది. తయారు చేసేవాళ్లకే తెలియని తేదీ సగటుకు ఎలా దొరుకుతుంది?

10 తర్వాత జరిగింది ఇంకో రకం. ఇక పేరు మార్చం, అందులోనే కొత్తవి ఇస్తూ పోతాం అన్నట్టు నడిచింది. 2015లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకాయన సభలో "విండోస్ 10 చివరి వెర్షన్" అని కూడా అన్నాడు. ఆరేళ్లకు 11 వచ్చింది. కాబట్టి వాళ్ల మనిషి నోటి మాటను కూడా తేదీగా తీసుకోవద్దు, ఇక యూట్యూబ్ ఎంత.

మరి దేన్ని నమ్మాలి? నేను చూసేది ఒక్కటే. పెద్ద విండోస్ ఏదీ చెప్పాపెట్టకుండా రాలేదు. 7కి ముందు బీటా, అంటే పరీక్ష కాపీ, 2009 జనవరిలో వచ్చింది, అసలుది అక్టోబర్ 22న. 8ని 2011 సెప్టెంబర్‌లో డెవలపర్ల చేతికి ఇచ్చారు, అమ్మకానికి 2012 అక్టోబర్ 26న. 10ని 2014 సెప్టెంబర్ 30న ప్రకటించి 2015 జూలై 29న ఇచ్చారు. అన్నిటికంటే తక్కువ గడువు 11దే. 2021 జూన్ 24న ప్రకటన, వారం తిరక్కుండానే ఇన్‌సైడర్లకు (ముందుగా వాడి చూసేవాళ్లకు) పరీక్ష కాపీ, ఆగస్టు 31న తేదీ ఖరారు, అక్టోబర్ 5న విడుదల. అంటే ఎంత హడావిడిగా వచ్చినా మూడు నెలల పైనే పట్టింది. పట్టక తప్పదు కూడా. ల్యాప్‌టాప్ కంపెనీలు దాన్ని ఎక్కించి పరీక్షించాలి, ప్రింటర్లు, గ్రాఫిక్ కార్డులవాళ్లు డ్రైవర్లు రాయాలి, డబ్బాలు షాపులకు చేరాలి.

ఎక్స్‌పీ, 7, 8, 11 నాలుగూ అక్టోబర్‌లోనే వచ్చాయి, ఏడాది చివరి అమ్మకాలకు అందేలా. మళ్లీ అదే నెల పట్టుకోవాలంటే జూన్, జూలైకల్లా పబ్లిక్‌గా చెప్పాలి. జూలై దాటినా ప్రకటన లేకపోతే ఈ ఏడాదికి లేనట్టే లెక్క. 12 అనే పేరుతో ఇప్పటిదాకా మైక్రోసాఫ్ట్ ఏదీ ప్రకటించలేదు. మంచిర్యాల అన్న చెప్పిన జూన్‌లో ప్రకటన వస్తే రావచ్చు, సరుకు రాదు.

మంచిర్యాల:
అయితే జూన్‌లో రాదని మా ఆఫీసులో వేసిన పందెం నేను గెలిచినట్టే.

కాజీపేట, బీటెక్ విద్యార్థి:
సగటు లెక్క వదిలేస్తున్నా అన్నా. కానీ 11కి ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్లు ఉంటాయి కదా, 24హెచ్2, 25హెచ్2 అని, ముందున్న అంకె ఏడాది. వాటికైనా లెక్క కుదురుతుందా?

కరీంనగర్, సర్వీస్ సెంటర్:
వాటికి బాగా కుదురుతుంది. 22హెచ్2 వచ్చింది 2022 సెప్టెంబర్ 20న. 23హెచ్2 అక్టోబర్ 31న, 24హెచ్2 అక్టోబర్ 1న, 25హెచ్2 సెప్టెంబర్ 30న. క్యాలెండర్ తీసి చూడు, నాలుగూ మంగళవారాలే. 11 వచ్చిన అక్టోబర్ 5 కూడా మంగళవారమే. మన ఇళ్లలో మంగళవారం కొత్త పని మొదలుపెట్టనివ్వరు, వాళ్లకు అదే ముహూర్తం. పైగా ముందుగా వాడి చూసేవాళ్లకు ఇచ్చే రిలీజ్ ప్రివ్యూ అనే చానెల్లో మొదట కనిపిస్తుంది. 25హెచ్2 అందులోకి ఆగస్టు 29న వచ్చింది, దాదాపు నెలకు అందరికీ ఇచ్చారు. ఈ ఏడాది కూడా సెప్టెంబర్ నెలాఖరుకూ అక్టోబర్ నెలాఖరుకూ మధ్య ఏదో ఒక మంగళవారం అని చెప్పడానికి నాకు భయం లేదు.

నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్ వేరు. అది ప్రతి నెల రెండో మంగళవారం, మనకు ఎండాకాలంలో రాత్రి పదిన్నరకు, చలికాలంలో పదకొండున్నరకు మొదలవుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో బుధవారం పొద్దున షాపు తెరవగానే "రీస్టార్ట్ చేయాలి" అని కూర్చునేది అదే. డీటీపీ అన్న మంగళవారం రాత్రి పనులన్నీ సేవ్ చేసి పోతే సగం టెన్షన్ తగ్గుతుంది.

హనుమకొండ, డీటీపీ షాపు:
ఆ బుధవారం సంగతి ఇన్నాళ్లకు తెలిసింది అన్నా. ఇంతకీ నేను కొనాలా, ఆగాలా?

కరీంనగర్, సర్వీస్ సెంటర్:
కొత్తది ఎప్పుడొస్తుందో వదిలేసి, ఉన్నదానికి గడువెప్పుడో చూడండి. ఆ తేదీలు గట్టివి, ఏళ్ల ముందే చెప్తారు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 11లో 24హెచ్2 హోమ్, ప్రో కాపీలకు 2026 అక్టోబర్ 13 దాకా, 25హెచ్2కు 2027 అక్టోబర్ 12 దాకా ఉంది. మీ ఆరో తరం ఐ3కి 11 అధికారికంగా ఎక్కదు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) ఉన్నవాటికే అనుమతి.

పిల్లల సిస్టమ్‌కు తొందర లేదు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు చేరమని లింకు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం, లేకపోతే 30 డాలర్లు. 2026 అక్టోబర్ 13 దాకా నడుస్తుంది. లింకు కనపడకపోతే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన చిన్న డబ్బాలో విన్‌వర్ అని కొట్టండి. డబ్ల్యూ, ఐ, ఎన్, వీ, ఈ, ఆర్, మధ్యలో ఖాళీ వద్దు. అందులో 22హెచ్2 అని ఉండాలి. లేకపోతే ముందు దానికి తెచ్చుకోండి.

ఆ ఉచితం ఇంటి వాడకానికి పెట్టింది. సంస్థలకు వేరే పథకం ఉంది, మొదటి ఏడాదికే సిస్టమ్‌కు 61 డాలర్లు. ఆరో తరం ఐ3 మీద అంత పెట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది. షాపుకు కొత్తదే కొనండి, ఇప్పుడే కొనండి. ఆగితే ధర దిగుతుందని కూడా లేదు, 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు పైకే పోతున్నాయి.

రామగుండం:
టీపీఎం లేకపోయినా పెన్ డ్రైవ్‌తో 11 ఎక్కించే ఉపాయాలు ఉన్నాయి కదా. మా ఇంట్లో అలాగే నడుస్తోంది.

కరీంనగర్, సర్వీస్ సెంటర్:
ఉన్నాయి, నడుస్తుంది కూడా. కానీ అలాంటి వాటికి అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఇంట్లో సినిమాలు చూసే సిస్టమ్ అయితే సరే. రేపు ముహూర్తం ఉన్న పెళ్లి పత్రిక దాని మీద పెట్టుకోమని నేను చెప్పను.

హనుమకొండ, డీటీపీ షాపు:
మరి ఎన్‌పీయూ మాటేంది?

కరీంనగర్, సర్వీస్ సెంటర్:
అతను చెప్పింది పూర్తిగా గాలి కబురు కాదు, రెండు సంగతులు కలిపేశాడు. కోపైలట్ ప్లస్ పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లకు 40 టాప్స్ (దాని వేగానికి కొలత) ఎన్‌పీయూ, 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్ ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది. అది 11లోనే కొన్ని ఏఐ సౌకర్యాల కోసం. ప్రకటించని విండోస్‌కు ఏం కావాలో అమ్మేవాడికి ముందే ఎలా తెలుస్తుంది? 11 వచ్చినప్పుడు అనుమతి దొరకనివి ఎక్కువగా నాలుగేళ్లు దాటిన ప్రాసెసర్లే. ఆ పద్ధతే సాగితే ఇవాళ కొన్న కొత్త తరం ఐ5 మొదటి వేటుకే పోతుందని నేననుకోను. ఆ ఇరవై వేలలో కొంత 16 జీబీ ర్యామ్‌కు, మంచి ఎస్‌ఎస్‌డీకి పెట్టండి, మిగిలింది జేబులో ఉంచుకోండి.

ఇంకో మెలిక ఉంది, మీ పనికి ఇదే ముఖ్యం. ఎన్‌పీయూ ఉన్న ల్యాప్‌టాప్‌లలో కొన్ని స్నాప్‌డ్రాగన్ చిప్‌వి. వాటికి ప్రింటర్, స్కానర్ డ్రైవర్లు ప్రత్యేకంగా రాయాలి. పాత లేజర్ ప్రింటర్‌కు అలాంటి డ్రైవర్ లేకపోతే అది పనిచేయదు. మీ అను కాపీకి యూఎస్‌బీ లాక్ (గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునే చిన్న పరికరం) ఉంటే దాని కథా అంతే. ఇంటెల్ లేదా ఏఎమ్‌డీదే తీసుకోండి. డబ్బు కట్టే ముందు మీ పేజ్‌మేకర్, అను సీడీలు పట్టుకుపోయి అక్కడే ఎక్కించమనండి. పాత పత్రిక ఫైల్ ఒకటి తెరిచి ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పడ్డాయో చూసి, మీ ప్రింటర్ మీద ఒక పేజీ తీయండి. మేం 11 మీద పెట్టినచోట పేజ్‌మేకర్ నడుస్తోంది. కానీ మీ ప్రింటర్ మోడల్ నేను చూడలేదు.

జగిత్యాల, ప్రభుత్వ పాఠశాల టీచర్:
నాదీ ఒక ప్రశ్న సార్. మా బడి ల్యాబ్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు 24.04 ఉంది. దాని కొత్తది ఎప్పుడో కూడా ఇలాగే ఊహించుకోవాలా?

కాజీపేట, బీటెక్ విద్యార్థి:
దీనికి నేను చెప్తా మేడమ్. ఉబుంటుకు ఊహ అక్కర్లేదు, పేరులోనే తేదీ ఉంటుంది. 24.04 అంటే 2024 ఏప్రిల్. ఏటా ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి. ఐదేళ్లు సపోర్ట్ ఉండే ఎల్‌టీఎస్ మాత్రం మన మేడారం జాతరలాగా రెండేళ్లకోసారి, అదీ సరి సంవత్సరాల్లోనే. 2022, 2024, 2026. ఈసారి 26.04కి ఏప్రిల్ 23 అని షెడ్యూల్‌లో పెట్టారు.

కరీంనగర్, సర్వీస్ సెంటర్:
శెభాష్. ఆ తేదీ కూడా ఒక్కసారి తప్పింది మేడమ్, 2006లో. ఏప్రిల్‌లో రావాల్సింది జూన్‌లో వచ్చింది, పేరు కూడా 6.06 అయింది. 2024లో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టినట్టు బయటపడింది. దాంతో అన్నీ మళ్లీ కట్టాల్సి వచ్చి బీటా వారం ఆలస్యమైంది. అయినా అసలుది అనుకున్న ఏప్రిల్ 25కే ఇచ్చారు. ఉబుంటుకు మూలమైన డెబియన్‌వాళ్లదైతే ఇంకో తీరు, తయారైనప్పుడే విడుదల అంటారు. 12 వచ్చింది 2023 జూన్‌లో, 13 వచ్చింది 2025 ఆగస్టులో.

జగిత్యాల, ప్రభుత్వ పాఠశాల టీచర్:
అయితే ఏప్రిల్ 23 తర్వాత మా సిస్టమ్స్‌లో అప్‌గ్రేడ్ చేయమని అదే అడుగుతుందా? బడి తెరిచేలోపు చేసేద్దామని.

కరీంనగర్, సర్వీస్ సెంటర్:
అడగదు. ఎల్‌టీఎస్ నుంచి ఎల్‌టీఎస్‌కు కబురు మొదటి సవరణ కాపీ, అంటే 26.04.1 వచ్చాకే కనిపిస్తుంది. అది ఆగస్టు మాట. పోయినసారి 24.04.1 ఆగస్టు 15 అనుకుంటే 29కి జరిగింది. మీ 24.04కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి కాబట్టి తొందరేం లేదు. వేసవి సెలవుల్లోనే చేయాలనుంటే 26.04ను పెన్ డ్రైవ్‌లో వేసి, ల్యాబ్‌లో ఒక్క సిస్టమ్‌ను దాంతో బూట్ చేసి చూడండి. ప్రొజెక్టర్ వస్తోందా, తెలుగు టైపింగ్ పడుతోందా, నెట్ దొరుకుతోందా అని. ఈ మూడూ సరిగ్గా ఉన్నాక మిగతావాటి జోలికి పోండి.