సమస్యాపూరణం: "నీరు పోసినంత కారు చెడెను"

నిర్వహణ
కవిమిత్రులకు నమస్కారం. రెంటచింతల, రామగుండం పేర్లు రోజూ వార్తల్లో వినబడే ఎండలు వచ్చేశాయి. రోడ్డు పక్కన బానెట్ ఎత్తి, పొగలు కక్కుతూ నిలబడ్డ కార్లు కనబడే రోజులు కూడా ఇవే. అందుకే ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను:

*నీరు పోసినంత కారు చెడెను*

నీరు, కారు ప్రాసయతి (రెండో అక్షరం 'రు' రెండుచోట్లా కలిసింది). మిగతా మూడు పాదాలు మీవి. ఒక్క షరతు: పద్యంలో చెప్పిన మాట రేడియేటర్ దగ్గర కూడా నిలబడాలి. గణాలు కుదిరి పని తప్పయితే పూరణ ఒప్పుకోను.

చకోరం
కనుమ దారి నెక్కి కాగిన యంత్రపు
మూత యూడదీసి మొండివాడు
ఆవి రెగయుచుండ నందులో చల్లని
నీరు పోసినంత కారు చెడెను.

నిర్వహణ
భావం చక్కగా ఉంది చకోరం గారూ. 'చుండ నందులో' దగ్గర సంధిలో దాగిన అచ్చుకు యతి కూడా కుదిరింది. కానీ 'మొండివాడు' తర్వాత పాదం 'ఆవి' అని మొదలైంది, అది విసంధి (సంధి కలవాల్సిన చోట కలపకపోవడం). మూడో పాదం ఇలా మార్చి చూడండి:

పొగలు గక్కుచుండ బోయి తా జల్లని

మెట్టపొలం
సవరణ బాగుంది. పనివైపు నుంచి ఒక మాట కలుపుతాను. ఆ రేడియేటర్ మూత కింద వ్యవస్థ మొత్తం ఒత్తిడిలో ఉంటుంది, బయటి గాలి కంటే దాదాపు ఒక బార్ ఎక్కువ. అందుకే లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండగలుగుతుంది. మూత తిప్పగానే ఒత్తిడి పడిపోయి, నీటిలో కొంత ఒక్కసారిగా ఆవిరై, మరిగే నీళ్లతో సహా ముఖం మీదికి చిమ్ముతుంది. ఇక ఇంజన్ పైన కాలి ఉన్న అల్యూమినియం హెడ్‌కు చన్నీళ్లు తగిలితే అది వంగవచ్చు, పగలనూ వచ్చు. దాని కింది గ్యాస్కెట్ (అతుకులో కారకుండా ఆపే పట్టీ) పోతే నీళ్లు ఆయిల్లో కలిసి, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన కాఫీ రంగు కనబడుతుంది. 'మొండివాడు' అన్న మాట అక్కడ సరిగ్గా పడింది. ఇంజన్ ఆపి, పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా మూత జోలికి పోకూడదు.

నా పూరణ:

కాలువలకు సున్నగార పట్టుచునుండ
వేడి పోవు దారి వీలుగాక
యేటికేడు మార్ప కింటి బోరుప్పని
నీరు పోసినంత కారు చెడెను.

నిర్వహణ
'మార్ప కింటి' దగ్గర యతి ముచ్చటగా ఉంది. సున్నగార మాట కొంచెం విప్పి చెప్పరూ?

మెట్టపొలం
బోరు నీళ్లలో కాల్షియం బైకార్బనేటు కరిగి ఉంటుంది. వేడి తగిలితే అది విడిపోయి కార్బనేటుగా గోడకు అంటుకుంటుంది, అదీ ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే. అంటే మనకు వేడి లాగాల్సిన చోటే పొర కడుతుంది. పైగా నీటిలోని క్లోరైడ్లు అల్యూమినియాన్ని సూది గుచ్చినట్టు తినేస్తాయి. బ్యాటరీ కొట్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు నాలుగైదు కొనడానికి ఎవరూ వెనకాడకూడదు.

వానపాట
నమస్కారం. రెండు రంగుల కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) కలిపితే ఏమవుతుందో, నా ప్రయత్నం:

పచ్చ రంగు దాని నెఱ్ఱతో గలుపగ
జిగట జిగటగాను చేరి నిలువ
గడిగి తీయకుండ గడ్డపై నింకొంత
నీరు పోసినంత కారు చెడెను.

నిర్వహణ
వానపాట గారూ, రెండు, మూడు పాదాలు నిర్దోషంగా ఉన్నాయి. మూడో పాదంలో 'గడిగి–గడ్డ' వినడానికి హాయిగా ఉంది. మొదటి పాదంలో యతి తప్పింది, 'ప'కు 'నె' చెల్లదు. 'పచ్చ రంగు దాని పైన నెఱ్ఱది పోయ' అంటే యతీ కుదురుతుంది, రెండో పాదంతో అన్వయమూ తేలికవుతుంది.

వానపాట
ధన్యవాదాలండీ, మార్చుకున్నాను.

మెట్టపొలం
ఒక్క జాగ్రత్త. రంగును బట్టి కూలెంట్ రకం తేల్చకండి, రంగులకు ఒక ప్రమాణం లేదు. సిలికేటు ఉన్న పాతకాలపు రకం, సేంద్రియ ఆమ్లాల రకం కలిస్తే కొన్నిసార్లు గడ్డకడతాయి. గడ్డకట్టకపోయినా తుప్పు ఆపే గుణం తగ్గిపోతుంది. డబ్బా మీద రాసిన రకాన్ని మాన్యువల్‌తో సరిచూడాలి. లోపల ఏముందో తెలియనప్పుడు పూర్తిగా కడిగి కొత్తది పోయడమే దారి.

పాతబండి
అందరూ చెడిపోయిన కారే చెప్పారు. బాగుపడ్డ కారు నాది:

శుద్ధజలము తోడ శుభ్రముగ గడిగి
సగము చలువరసము సర్ది పోయ
నేల పలుకుచుంటి వీ వింక నీ రీతి
"నీరు పోసినంత కారు చెడెను"?

నిర్వహణ
సమస్యనే ఎదుటివాడి మాటగా మార్చి ప్రశ్నించారు. ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. మూడో పాదంలో నేల, వీ రెండింటా అచ్చు దాగి ఉండి యతి చెల్లింది.

మెట్టపొలం
పాతబండి గారూ, పద్యం అద్భుతం. 'సగము' అన్నచోట మాత్రం చాలామంది ఇంట్లో పొరపడతారు, మీరు ఎలా పోశారో చెప్పండి.

పాతబండి
చెబుతాను. బండి చల్లబడ్డాక రేడియేటర్ అడుగున ప్లగ్ విప్పి పాతది గిన్నెలోకి వదిలాను. ప్లగ్ బిగించి డిస్టిల్డ్ వాటర్ పోసి, హీటర్ నాబ్ పూర్తి వేడి వైపు తిప్పి ఇంజన్ నడిపాను. అలా తిప్పితే లోపలి చిన్న హీటర్ గొట్టాల్లోనూ నీళ్లు తిరుగుతాయి. పై గొట్టం ఒక్కసారిగా వేడెక్కిందంటే థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాక రేడియేటర్‌కు దారి వదిలే కవాటం) తెరుచుకున్నట్టు. మళ్లీ చల్లారనిచ్చి వదిలేశాను. నీళ్లు తేటగా వచ్చేదాకా అదే పని.

అసలు కిటుకు ఇక్కడుంది. ప్లగ్ విప్పినా ఇంజన్ బ్లాకులో నీళ్లు నిలిచిపోతాయి. మొత్తం 5 లీటర్లు పట్టే బండిలో 3 లీటర్లే బయటికి వచ్చాయనుకోండి. అప్పుడు సగంసగం కలిపిన రెడీ కూలెంట్ 3 లీటర్లు పోస్తే అసలు సరుకు లీటరున్నరే, అంటే మొత్తంలో 30 శాతం. అందుకని నీళ్లు కలపని చిక్కటి కూలెంట్ రెండున్నర లీటర్లు ముందు పోసి, మిగిలిన అర లీటరు చోటు డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి.

మెట్టపొలం
సరిగ్గా చెప్పారు, ఈ లెక్క ఇంట్లో చేసేవాళ్లంతా రాసి పెట్టుకోవాలి. గాలి ఎలా తీశారు?

పాతబండి
ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉండేలా బండి పెట్టి, చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్ట్ చేశాను. పై గొట్టాన్ని మెల్లగా నొక్కుతుంటే బుడగలు వచ్చాయి. మట్టం దిగినకొద్దీ పోస్తూ, అవి ఆగాక మూత బిగించాను. మర్నాడు పొద్దున రిజర్వాయర్‌లో మట్టం కొద్దిగా దిగింది, రెండు గీతల మధ్యకు వచ్చేదాకా కలిపాను.

వానపాట
వదిలిన పాత నీళ్లు ఏం చేయాలండీ? మా వీధిలో కుక్కలు ఎక్కువ.

పాతబండి
కాలువలో పోయకండి, మొక్కలకూ వద్దు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొంచెమే అయినా మూత్రపిండాలు పాడుచేసి చంపేస్తుంది. చిన్నపిల్లలకూ అంతే ప్రమాదం. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి, పైన పేరు రాసి, పాత కూలెంట్ తీసుకునే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. నేల మీద ఒలికినది గుడ్డతో తుడిచి, తర్వాత నీళ్లు చల్లి కడిగేయండి.