వ్యాపార విద్యార్థుల కలన గణితం: అవకలనం వస్తోంది, లెక్క చదివితే ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను వ్యాపార నిర్వహణలో డిగ్రీ చదువుతున్నాను. ఈ సెమిస్టరులో అనువర్తిత కలన గణితం కోర్సు పూర్తిగా ఆన్‌లైన్‌లోనే నడుస్తోంది. ప్రమేయం (ఫంక్షన్) ఇచ్చి అవకలనం (డిఫరెన్షియేషన్) చేయమంటే చేయగలుగుతున్నాను. అయితే అదే విషయాన్ని ఒక సంస్థ, దాని ఖర్చులు, గిరాకీ అంటూ నాలుగు వాక్యాల్లో ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వీడియో పాఠం చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, క్విజ్ తెరిచేసరికి చేయి ఆడదు. ఒక లెక్కలో ఆదాయాన్ని, మరో లెక్కలో లాభాన్ని, ఇంకో లెక్కలో సగటు వ్యయాన్ని అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తున్నారు. ఎప్పుడు దేన్ని తీసుకోవాలో దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

మీ ఇబ్బంది కలన గణితంలో లేదండి, ప్రశ్న దేన్ని గరిష్ఠం లేదా కనిష్ఠం చేయమంటోందో పట్టుకోవడంలో ఉంది. వేర్వేరు లెక్కలు చేసే బదులు ఒకే సంస్థను తీసుకుని మీరు చెప్పిన మూడు ప్రశ్నలూ దాన్నే అడిగి చూడండి, తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

తయారై అమ్ముడయ్యే వస్తువుల సంఖ్యను 'న' అనుకుందాం. గిరాకీ సమీకరణం: ధర = 100 − 0.5న. మొత్తం వ్యయం = 480 + 20న + 0.3న². ఇందులో 480 స్థిర వ్యయం, అంటే ఒక్క వస్తువు తయారు కాకపోయినా భరించక తప్పనిది.

ఆదాయమంటే ధరను సంఖ్యతో గుణించగా వచ్చేది కనుక అది 100న − 0.5న². దాని అవకలజం, అంటే న మారేకొద్దీ ఆదాయం మారే రేటు, 100 − న; దీన్ని సున్నా చేస్తే న = 100 వస్తుంది, అప్పుడు ధర 50, ఆదాయం 5000. చూడడానికి ఇదే మంచి స్థితి అనిపిస్తుంది కానీ, వంద వస్తువుల తయారీకి అయ్యే వ్యయం 480 + 2000 + 3000, అంటే 5480. ఆదాయం గరిష్ఠమైన చోటనే ఈ సంస్థ 480 నష్టపోతోంది. "గరిష్ఠ" అన్న మాట కనబడగానే ఆదాయాన్ని అవకలనం చేసేవారు ఈ ఒక్క లెక్కను చేత్తో వేసి చూసుకుంటే మళ్ళీ ఆ తొందర పడరు.

లాభం = ఆదాయం − వ్యయం = 80న − 0.8న² − 480. అవకలజం 80 − 1.6న, కనుక న = 50, ధర 75, లాభం 1520. రెండో అవకలజం −1.6, రుణాత్మకం, కాబట్టి ఇది గరిష్ఠమే. ఆ బిందువు దగ్గర ఉపాంత ఆదాయం (ఆదాయం అవకలజం, అంటే ఇంకొక వస్తువు అమ్మితే దాదాపుగా పెరిగే ఆదాయం) 100 − 50, అంటే 50. అలాగే వ్యయం అవకలజమైన ఉపాంత వ్యయం 20 + 0.6 × 50, అదీ 50. ఈ రెండూ సమానమైన చోట లాభం గరిష్ఠమవుతుందని ఫ్రెంచి గణితజ్ఞుడు కూర్నో 1838లోనే కలన గణితంతో చూపాడు. పాఠంలో విడి సూత్రంగా కనిపించే ఈ మాట లాభం అవకలజాన్ని సున్నా చేయడం కంటే వేరేదేమీ కాదు.

ఇక సగటు వ్యయం. వ్యయాన్ని న తో భాగిస్తే 480/న + 20 + 0.3న. దీని అవకలజాన్ని సున్నా చేస్తే న² = 1600, న = 40, సగటు వ్యయం 44. అక్కడ ఉపాంత వ్యయం కూడా 44 కావడం యాదృచ్ఛికం కాదు: అదనంగా తయారయ్యే వస్తువు ఖర్చు సగటు కంటే తక్కువగా ఉన్నంతకాలం సగటు దిగుతూ వస్తుంది, ఎక్కువైతే పెరుగుతుంది.

సంస్థ ఒకటే, జవాబులు మాత్రం 40, 50, 100. మరో పని కూడా చేసి చూడండి. స్థిర వ్యయాన్ని 480 నుంచి 780కి పెంచితే లాభం గరిష్ఠమయ్యే సంఖ్య 50 దగ్గరే ఉంటుంది, లాభం మాత్రం 300 తగ్గుతుంది. సగటు వ్యయం కనిష్ఠమయ్యే సంఖ్య మాత్రం 40 దాటి పైకి జరుగుతుంది. అలా ఎందుకవుతుందో మీ మాటల్లో రాయగలిగితే ఈ అధ్యాయం మీకు వచ్చినట్టే.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి, మూడింటి మధ్య తేడా ఇప్పుడు తెలిసింది. ఇంకొక సందేహం. న = 40 దగ్గర ఉపాంత లాభం 80 − 64, అంటే 16 వచ్చింది. కానీ 40 వస్తువులకు లాభం 1440, 41 వస్తువులకు 1455.2, తేడా 15.2 మాత్రమే. రెండింటిలో ఏది సరైనది?

రెండో సమాధానం

రెండూ సరైనవే, అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. 16 అనేది సరిగ్గా 40 దగ్గర వక్రరేఖ వాలు, 15.2 అనేది 41వ వస్తువు నిజంగా చేర్చే లాభం. 40 నుంచి 41కి వెళ్ళేలోగా వాలు 16 నుంచి 14.4కు పడిపోతుంది, ఆ రెండింటి సగటే 15.2. ప్రశ్నలో "ఉపాంత లాభం ద్వారా అంచనా వేయండి" అని ఉంటే 16 రాయాలి, "41వ వస్తువు వల్ల వచ్చే లాభం కచ్చితంగా ఎంత" అని ఉంటే 15.2 రాయాలి. ఆన్‌లైన్ క్విజ్‌లో యంత్రం ఒక్కదాన్నే ఒప్పుకుంటుంది కాబట్టి "అంచనా", "కచ్చితంగా" అన్న పదాల మీద మొదట కన్ను పడాలి.

గిరాకీ వ్యాకోచత్వం, అంటే ధర ఒక శాతం మారితే అమ్మకం ఎంత శాతం మారుతుందో చెప్పే కొలత, మీ కోర్సులో తప్పకుండా వస్తుంది, దానికీ ఈ సంస్థే పనికొస్తుంది. ధర మారితే సంఖ్య మారే రేటు ఇక్కడ −2. ధర 75, సంఖ్య 50 దగ్గర వ్యాకోచత్వం −2 × 75/50 = −3, అంటే ధర ఒక శాతం పెంచితే అమ్మకం దాదాపు మూడు శాతం పడిపోతుంది. ధర 50, సంఖ్య 100 దగ్గర అది −1; ఆదాయం గరిష్ఠమైనది అక్కడేనని గమనించండి.

వీడియోల విషయంలో నాది కాస్త గట్టి అభిప్రాయం. అధ్యాపకులు లెక్క చదవగానే వీడియో ఆపి, కాగితం మీద మూడు విషయాలు రాయండి: న దేన్ని సూచిస్తోంది, దేన్ని గరిష్ఠం లేదా కనిష్ఠం చేయాలి, జవాబు ఏ ప్రమాణాల్లో రావాలి. ఆ తర్వాత మీ అంతట మీరు ప్రయత్నించి, ఆగిపోయిన చోటు నుంచి మాత్రమే వీడియో చూడండి. రాయకుండా అదే పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చూడడం వల్ల అలవాటైన భావన కలుగుతుంది తప్ప లెక్క రాదు.

లెక్క సరిగానే చేసినా యంత్రం తప్పని చూపితే ముందు కుండలీకరణాలు చూసుకోండి. 480/న + 20 అని, 480/(న + 20) అని టైపు చేయడం ఒకటి కాదు. జవాబును భిన్నంగా ఇవ్వమన్నారా, ఎన్ని దశాంశ స్థానాలకు సవరించమన్నారా అన్నది తర్వాత చూడండి. ఇవన్నీ సరిగా ఉన్నాయనుకున్నప్పుడు అవకలనాన్ని కాదు, దానికి ముందు చేసిన బీజగణితాన్ని తిరిగి చూడండి. లాభం రాసేటప్పుడు వ్యయంలోని ప్రతి పదానికీ గుర్తు మారిందో లేదో మొదట అక్కడే తేలుతుంది.