ఇల్లు నా పేరు మీద, అప్పు ఆయన పేరు మీద. సంతకం పెట్టాలా?

గుంటూరమ్మాయి:
నాన్న పసుపుకుంకుమల కింద ఇచ్చిన స్థలంలో కట్టుకున్న ఇల్లు, నా పేరు మీదే ఉంది. మావారు వ్యాపారానికి 40 లక్షల లోన్ పెడుతున్నారు. ఇంటి కాగితాలు తనఖా పెట్టి నేను గ్యారంటీ సంతకం చేయాలట. ఆలోచించుకుంటానన్నాను. "నా మీద నమ్మకం లేదా" అని మూడు రోజులుగా ఆయన సరిగ్గా అన్నం తినట్లేదు. మొగుడి అక్కరకు రాని ఇల్లు ఎందుకమ్మా అని అత్తయ్య. మీలో ఎవరైనా ఇలా సంతకం పెట్టారా?

కరీంనగర్ వదిన:
పెట్టిన చెల్లె, 2016ల. పెన్సిల్‌తోని టిక్కు గొట్టిన కాడల్లా సంతకం చెయ్యమన్నరు. అన్నీ ఇంగ్లీషు కాగితాలే. పక్కనే ఆయన కూసున్నడు, ఇగ నేనేం అడుగుత? మూడేండ్లకు గోడకు నోటీసు అంటించిన్రు. ముందుగాల ఆయన్నే అడుగుతరు, తర్వాతనే నా దాకా వస్తరు అనుకున్న. అట్లుండదట.

వకీలు తమ్ముడు:
అవునక్కా, కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం పూచీ ఉన్నవాళ్ల బాధ్యత అప్పు తీసుకున్నవాళ్లతో సమానం.
గుంటూరు అక్కా, మీ ఇల్లు 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కింద పూర్తిగా మీదే. మీ సంతకం లేకుండా తనఖా కుదరదు. అదే ఇల్లు భర్త స్వార్జితమై ఆయన పేరునే ఉంటే, మన దగ్గర భార్య ఒప్పుకోకపోయినా తనఖా చెల్లుతుంది. ఇది చాలామందికి తెలీదు.
ఒత్తిడితో పెట్టిన సంతకాన్ని కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ కింద, అంటే అనుచిత ప్రభావం కింద సవాలు చేయొచ్చు. కానీ భార్యాభర్తలైనంత మాత్రాన కోర్టు ఒత్తిడి ఉందని అనుకోదు, మనమే రుజువు చేయాలి. ఇంట్లో అలిగి అన్నం మానేస్తే దానికి సాక్ష్యం ఎక్కడి నుంచి తెస్తాం? అందుకే సంతకానికి ముందే అడగడం మంచిదైంది.
ఇప్పటికే నోటీసు వచ్చినవాళ్లు సర్ఫేసీ చట్టం (బ్యాంకులు కోర్టుకెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే చట్టం) గడువులు చూసుకోండి. కట్టడానికి 60 రోజులు. ఆలోపు అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనానికి వస్తే 45 రోజుల్లో డీఆర్‌టీకి, అంటే బ్యాంకు అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కి వెళ్లాలి.

లీడ్స్ నుంచి సుధ:
ఇక్కడ ఇంగ్లండ్‌లో 2001లో ఎట్రిడ్జ్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో ఇక్కడి అత్యున్నత కోర్టు) ఒక పద్ధతి పెట్టింది. భర్త అప్పుకి భార్య పూచీ పడుతుంటే, లాయరు ఆమెను భర్త లేకుండా కూర్చోబెట్టి, ఇల్లు పోవచ్చనీ, వద్దనే హక్కు ఉందనీ అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. చెప్పానని ఆ లాయరు రాసిచ్చేదాకా బ్యాంకు ఆగాలి. మా అక్క విషయంలో అలాగే జరిగింది. ఆ అరగంటలోనే తను మనసు మార్చుకుంది. మన దగ్గర ఇది లేకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

ఏలూరు నుంచి ఒకాయన:
ఆ "నమ్మకం లేదా" అన్న మాట నేనూ అన్నాను. మోసం చేద్దామని కాదు, వ్యాపారం నిలబడుతుందనే అనుకున్నాను. నిలబడలేదు. ఆవిడ పుట్టింటివాళ్లు ఇచ్చిన ఇల్లు వేలంలో పోయింది. ఆ రోజు ఆవిడ గట్టిగా వద్దని ఉంటే రెండు రోజులు అలిగేవాణ్ణి, అంతే.

గుంటూరమ్మాయి:
అందరికీ దండాలు. నిన్న ఒక్కదాన్నే బ్యాంకుకి వెళ్లి కాగితాలు చదివించుకున్నాను. ఈ 40 లక్షలకే కాదట, రేపు ఆయన ఆ బ్యాంకులో ఏ అప్పు తీసుకున్నా ఈ ఇల్లే పూచీ అని ఉంది. ఆ సంగతి ఆయనకీ తెలీదు, విని చాలాసేపు మాట్లాడలేదు. శనివారం ఇద్దరం కలిసి లాయరు దగ్గరికి వెళ్తున్నాం.