పితరుడెట్లాయెరా? పితరులెట్లాయెరా?

అరసున్న: వేమన కాకి పద్యంలో మూడో పాదం దగ్గర కొన్నాళ్ళుగా ఆగిపోయాను. ‘పియ్యి తినెడు కాకి పితరు...’ తర్వాత వచ్చేది ‘డెట్లాయెరా’నా, ‘లెట్లాయెరా’నా? నాన్నగారికి కర్మ చేయాలా వద్దా అని ఇంట్లో మాట వచ్చినప్పుడు అన్నయ్య ఈ పద్యం చదివాడు. ‘డె’ అన్నాడు. బాబాయి ‘లె’ అని దిద్దారు. పోయినవాళ్ళకు మనం చేసేది అందుతుందా అన్న ప్రశ్నకు ఈ పద్యాన్ని సాక్ష్యంగా తెస్తున్నప్పుడు, అందులో ఏ మాట ఉందో ముందు తేలాలి కదా.

ఆటవెలది: మొత్తం పెడుతున్నాను.

పిండములను జేసి పితరుల దలపోసి
కాకులకును బెట్టు గాడ్దెలార
పియ్యి తినెడు కాకి పితరుడెట్లాయెరా
విశ్వదాభిరామ వినుర వేమ

రెండో పాదంలో చాలామంది ‘గాడిదలార’ అని చదువుతారు. అది నిలవదు. ‘దలార’ జగణం (లఘువు, గురువు, లఘువు) అవుతుంది. ఈ పద్యం ఛందస్సు ఆటవెలది, దాని రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే (న లేదా హ గణాలే) ఉండాలి. ‘గాడ్దె–లార’ అంటేనే రెండు హగణాలు (గురువు, లఘువు) సరిగ్గా పడతాయి.

అరసున్న: గాడ్దె సంగతి సరే. డె, లె మాట చెప్పండి.

ఆటవెలది: ‘పితరుడె’ అన్నా ‘పితరులె’ అన్నా నగమే (మూడు లఘువులు, ఒక గురువు). ఆ చివరి అక్షరం ‘ట్లా’కు ముందుంది కాబట్టి రెండు పాఠాల్లోనూ గురువు. యతి (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన అక్షరం) పి–పి. ఛందస్సు రెండిటినీ ఒప్పుకుంటుంది.

పుటలు: నా దగ్గరున్న పాత ప్రతిలో ‘డె’ అనే ఉంది. అయితే వేమన విషయంలో అచ్చు ప్రతి చూపించి వాదం ముగించలేం. బ్రౌన్ 1829లో అచ్చు వేసేనాటికే ఈ పద్యాలు రకరకాల పాఠాలతో తిరుగుతున్నాయి. నోళ్ళలో నలిగిన పద్యానికి ఒక్క అసలు పాఠం ఉండి తీరాలనేమీ లేదు. ‘పియ్యి’ బదులు ‘పెంట’ అని చదివేవాళ్ళను నేనే విన్నాను. సభలో ఆ మాట పలకలేక మార్చుకున్నారని నా నమ్మకం.

ఆటవెలది: పెంటకు కూడా యతి చెల్లుతుందండీ. ఇ–ఎ మైత్రి ఉంది. కాబట్టి మార్చినవారికి పద్యం తెలుసు.

శబ్దార్థ: అందరూ ఛందస్సు దగ్గర ఆగిపోతున్నారు. తేడా వ్యాకరణంలో ఉంది. ‘ఆయె’ ఏకవచన క్రియ. పురుషుడికైనా పక్షికైనా అదే రూపం: అతడు రాజాయె, గుడ్డు పిల్లాయె. బహువచనమైతే ‘అయిరి’ రావాలి. అంటే ‘పితరులెట్లాయె’ అన్నప్పుడు పితరులు కర్త కాలేరు, కాకే కర్త. పియ్యి తినే కాకి పితరులు ఎట్లా అయింది అని ఒకే అర్థం మిగులుతుంది.

‘పితరుడెట్లాయె’ అంటే రెండు దారులు తెరుచుకుంటాయి. కాకి తండ్రి ఎట్లా అయింది? లేదా, తండ్రి కాకి ఎట్లా అయ్యాడు? మొదటిది తంతును ఎత్తిపొడవడం. రెండోది వేరే గొంతు. నన్ను ఎత్తుకు తిరిగిన మనిషిని తీసుకుపోయి పెంట మీద వాలే పక్షిని చేస్తారా అని అడగడం. వేమన కోపంలో ఇది ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ‘తల్లిదండ్రి మీద దయలేని పుత్రుండు’ అన్న కవి ఈయనే. అటువంటి కొడుకును పుట్టలో చెదలతో జమకట్టినవాడు తండ్రి జ్ఞాపకాన్ని తేలిక చేస్తాడా?

ఆటవెలది: తెలుగులో విధేయం, అంటే కర్త ఏమైందో చెప్పే మాట, క్రియను ఆనుకుని ఉంటుంది. ‘కాకి పితరుడాయె’ అంటే కాకి తండ్రి అయిందనే. మీ రెండో దారి లాగి పట్టుకొచ్చినది.

శబ్దార్థ: పద్యంలో పదక్రమం అంత కచ్చితంగా పాటించరు. పైగా ‘పితరుడు’ అన్న మాటే చూడండి. సంస్కృతంలో ఏకవచనం పితా, బహువచనం పితరః. శ్రాద్ధంలో తండ్రి, తాత, ముత్తాత ముగ్గురినీ కలిపి తలుస్తారు కాబట్టి ‘పితరులు’ అనడమే వాడుక. మొదటి పాదంలో వేమన కూడా ‘పితరుల దలపోసి’ అనే అన్నాడు. మూడో పాదానికి వచ్చేసరికి ఒక్కడైపోయాడు. మందిలోంచి ఒక్క తండ్రిని బయటికి తీశాడు. బాబాయిగారి ‘లె’ పెడితే ఈ మలుపు పోతుంది.

మందాకిని: వేమన కంటే ఎంతో ముందే వాల్మీకి రామాయణంలో జాబాలి అనే బ్రాహ్మణుడి చేత అనిపించిన మాట ఇది. ‘అన్నస్యోపద్రవం పశ్య, మృతో హి కిమశిష్యతి’. అన్నం పాడైపోవడం చూడు, చచ్చినవాడు ఏం తింటాడు అని. ఇక్కడ ఒకరు తింటే అక్కడ ఇంకొకరికి అందేటట్లయితే, ఊరు వెళ్ళినవాడికి ఇంట్లో శ్రాద్ధం పెట్టండి, దారి బత్తెం అక్కర్లేదు కదా అని కూడా అంటాడు. తర్కానికి వస్తే ఇంతకంటే పదునుగా ఎవరూ అనలేదు.

కానీ ఆ మాట ఎవరితో అన్నాడో చూడాలి. తండ్రి పోయాడని భరతుడి నోట విని రాముడు అప్పుడే మందాకినీ నదిలో దిగి తర్పణం వదిలాడు. పిండానికి అన్నం లేదు. గారపండ్ల ముద్దలో రేగుపండ్లు కలిపి దర్భల మీద పెట్టి, ‘ఇదం భుంక్ష్వ మహారాజ ప్రీతో యదశనా వయమ్’ అన్నాడు. మహారాజా, మేము ఏది తింటున్నామో అదే ఇది, ప్రీతితో తిను. మనిషి ఏది తింటే అతని దేవతలూ అదే తింటారని చెప్పి ఏడ్చాడు. తర్వాత కౌసల్య వచ్చి దక్షిణం వైపు కొనలున్న ఆ దర్భల మీద ఆ ముద్దను చూసింది. భూమిని ఏలినవాడికి ఈ గారపిండి పిండమా, ఇది చూసి నా గుండె వేయి ముక్కలు కాదేం అంది. జాబాలి వాదం ఆ తర్వాతే వస్తుంది. రాముడు మండిపడ్డాడంటే ఆశ్చర్యం ఏముంది?

అందుతుందా లేదా అన్నది దశరథుడే చెప్పాలి. ఆ ముద్దలో అన్నిటికంటే నిజమైనది ‘మేము తినేదే’ అన్న మాట. తను తినేది పంచుకోకుండా కొనితెచ్చిన తంతు జరిపిస్తే వేమన తిట్టినా తప్పులేదు.

పుటలు: బావుంది మందాకినిగారూ. అయితే మాధవాచార్యుల సర్వదర్శనసంగ్రహంలో చార్వాకుల, అంటే పరలోకాన్ని ఒప్పుకోనివాళ్ళ, పోలిక ఇంకా సూటిగా ఉంది. శ్రాద్ధం చచ్చినవాళ్ళకు తృప్తినిస్తే, ఆరిపోయిన దీపానికి నూనె పోసినా మంట పైకి లేవాలి అంటారు.

సఫా: ఒక మాట కలపనివ్వండి. జనాజా నమాజులో, అంటే పోయినవారి కోసం చదివే నమాజులో, రుకూ (వంగడం) ఉండదు, సజ్దా (సాష్టాంగం) ఉండదు. నిలబడే చదువుతారు, నాలుగు తక్బీర్లు (‘అల్లాహు అక్బర్’ అనడం). అందులో పోయినవారి క్షమాపణ కోసం దువా (వేడుకోలు) ఉంటుంది. మనిషి పోయాక అతని కర్మలు ఆగిపోతాయి, మూడు తప్ప అని హదీసు (ప్రవక్త మాట): కొనసాగే దానం, పనికొచ్చే జ్ఞానం, తన కోసం ప్రార్థించే మంచి సంతానం. ఆ మూడోదాన్ని నేను గట్టిగా పట్టుకుంటాను. అమ్మకు నేను చేయగలిగింది ఇంకా మిగిలి ఉందని అది చెబుతుంది.

పుటలు: బైబిలులో ప్రసంగి దీనికి ఎదురు నిలబడతాడు. ‘చచ్చినవారు ఏమియు ఎరుగరు’ అని ఒక్క వాక్యంలో కొట్టేస్తాడు.

రంగస్థలి: వేమన దగ్గరే ఉండిపోతారా? కాటి సీను విన్నవాళ్ళెవరూ లేరా ఇక్కడ? ‘కన్నుల్ మోడ్చిన మందభాగ్యుడొకడైనన్ లేచిరాడక్కటా’. జాషువా శ్మశానవాటి పద్యాలు. బలిజేపల్లి వారి హరిశ్చంద్రలో చేర్చి పాడారు, పాడుతూనే ఉన్నారు. ‘అక్కటా’ దగ్గర రాగం తీసి హార్మోనియం ఆగితే కూర్చున్న జనం కూడా ఊపిరి బిగబడతారు. ఏ పిండం, ఏ ప్రార్థన పెట్టినా ఒక్కడు కూడా లేచి రాలేదని ఇంత మెత్తగా చెప్పినవారు లేరు. వేమన తిట్టాడు, జాషువా ఏడ్చాడు. ఆ పద్యం చివర్లో రాళ్ళు తల్లుల కన్నీళ్ళకు కాగిపోతాయి. పోయినవాళ్ళకు ఏమీ అందలేదు, రాయికి మాత్రం అందింది.

శబ్దార్థ: రంగస్థలిగారూ, మీరే నాకు సాయం చేశారు. జాషువా కూడా ‘మందభాగ్యుడొకడైనన్’ అని ఏకవచనమే వాడాడు. చావు దగ్గర మంచి కవి బహువచనం వాడడు.

ఆటవెలది: అదే పద్యంలో తల్లులు బహువచనమే. ‘ఏ తల్లులల్లాడిరో’. మీ సూత్రం రెండు పాదాలు కూడా నిలవలేదు.

శబ్దార్థ: తల్లులు బతికున్నవాళ్ళండీ. నేను చెప్పింది పోయినవాళ్ళ సంగతి.

రంగస్థలి: ఈ మాట నచ్చింది.

ఆటవెలది: నచ్చడం వేరు, పాఠం తేలడం వేరు. వేమనలో ‘పితరుడు’ ఏకవచనంలో ఇంకెక్కడైనా ఉందా? ఉంటే పాదం పెట్టండి, గణాలు నేను చూస్తాను.

శబ్దార్థ: వెతుకుతున్నాను. తండ్రి అనే అర్థంలో ఒక్కచోట దొరికినా చాలు. పుటలుగారూ, మీ పాత ప్రతిలో ఈ పద్యానికి తాత్పర్యం ఉంటే అందులో కర్త ఎవరో చూసి చెప్పండి, కాకా తండ్రా?